విశ్రాంతిలో శరీరం ఖర్చు చేసే శక్తి: నాలుగు సూత్రాలు, ఒక యంత్రం, ఐదు అంకెలు

ప్రశ్న: కాకినాడ_జువాలజీ

అందరికీ నమస్కారం. నేను కాకినాడలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధిస్తాను. నా వయస్సు 42 ఏళ్లు, ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 62 కిలోలు. రక్తంలో చక్కెర హద్దు మీద ఉందని, నాలుగైదు కిలోలు తగ్గితే మంచిదని మా డాక్టరు గారు చెప్పారు. అందుకని ముందుగా, ఏ పనీ చేయకుండా పడుకుని ఉన్నప్పుడు నా శరీరం రోజుకు ఎంత శక్తి ఖర్చు చేస్తుందో తెలుసుకోవాలనుకున్నాను. గుండె కొట్టుకోవడానికి, ఊపిరి ఆడడానికి, ఒంటి వేడి నిలవడానికి అయ్యే ఈ ఖర్చు చాలామందిలో రోజు మొత్తం ఖర్చులో సగానికి మించి ఉంటుందని ఏటా పాఠం చెప్పేదాన్నే కాబట్టి, దాన్ని లెక్కకట్టడం తేలికే అనుకున్నాను.

తీరా లెక్కవేస్తే హారిస్–బెనెడిక్ట్ సూత్రంలో 1,337 కిలో కేలరీలు వచ్చాయి. మిఫ్లిన్ సూత్రంలో 1,212 వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తదితర సంస్థలు 1985లో ఇచ్చిన సూత్రం 1,368 అంటోంది. మన భారతీయ వైద్య పరిశోధన మండలి ఆ తర్వాత వాడిన సూత్రం 1,303 అంటోంది. ఒకే మనిషికి అన్నిటికన్నా తక్కువ అంకెకూ ఎక్కువ అంకెకూ మధ్య 156 కిలో కేలరీల తేడా ఉంది. నేను తిండిలో రోజుకు తగ్గించాలనుకున్నదే 300 కాబట్టి, అందులో సగం ఈ లెక్కల తేడాలోనే కలిసిపోతోంది.

కొలిపించుకుంటే తేలిపోతుంది కదా అని, వేరే ఊళ్లో ఆ పరీక్ష చేసే చోటు ఒకటి ఉందని తెలిసి వెళ్లాను. ఒంటిగంటకు భోజనం చేసి, బస్సు దిగి, రెండంతస్తుల మెట్లెక్కి, మూడు గంటలకు అక్కడికి చేరాను. వెళ్లిన ఐదు నిమిషాలకే మంచం మీద పడుకోబెట్టి, తల మీద పారదర్శకమైన ప్లాస్టిక్ గుమ్మటం బోర్లించి, మెడ చుట్టూ పలుచని షీటు దోపి, పది నిమిషాలు కదలవద్దన్నారు. లోపల నా ఊపిరి చప్పుడు నాకే పెద్దగా వినిపిస్తుంటే కొంచెం భయం వేసింది. రిపోర్టులో 1,430 కిలో కేలరీలు అని, ఆర్‌క్యూ 1.04 అని రాశారు. ఇది నాలుగు సూత్రాల కన్నా ఎక్కువ.

వీటిలో దేన్ని పట్టుకోవాలి? భారతీయులకు జీవక్రియ సహజంగానే తక్కువ అని కొందరు, అదేమీ లేదని కొందరు అంటున్నారు, ఏది నిజం? నలభై దాటితే జీవక్రియ మందగిస్తుందన్న మాటలో ఎంత పస ఉంది? తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.


జవాబు 1: కొలతగది_శరీరధర్మం

మీ రిపోర్టులో అసలు విషయం 1,430 దగ్గర లేదండి, 1.04 దగ్గర ఉంది. నేను ఈ పరీక్షలు పన్నెండేళ్లుగా చేస్తున్నాను. ఏ రిపోర్టు చేతికొచ్చినా ముందు ఆ ఆర్‌క్యూ చూసి, ఆ తర్వాతే కేలరీల వైపు చూస్తాను.

ఆ యంత్రం వేడిని కొలవదు. మీరు పీల్చుకుని వాడుకున్న ఆక్సిజన్ ఎంతో, విడిచిన కార్బన్ డయాక్సైడ్ ఎంతో నిమిషం నిమిషానికీ కొలిచి, వాటి నుంచి శక్తిని లెక్కకడుతుంది. 1949లో వీర్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రమే ఇప్పటికీ దాదాపు అన్ని యంత్రాల్లోనూ ఉంది. నిమిషానికి వాడిన ఆక్సిజన్ లీటర్లను 3.941తోనూ, విడిచిన కార్బన్ డయాక్సైడ్ లీటర్లను 1.106తోనూ గుణించి, ఆ రెండిటినీ కూడి, రోజులోని 1,440 నిమిషాలతో హెచ్చవేస్తే రోజు ఖర్చు వస్తుంది. విడిచిన వాయువును వాడుకున్న వాయువుతో భాగిస్తే వచ్చేదే ఆర్‌క్యూ. శరీరం కొవ్వునే కాలుస్తుంటే అది 0.7 దగ్గర, పిండిపదార్థాన్నే కాలుస్తుంటే 1.0 దగ్గర ఉంటుంది. రాత్రి తిని, పొద్దున్న ఖాళీ కడుపుతో వచ్చినవారిలో సాధారణంగా 0.8కి అటూ ఇటూ కనిపిస్తుంది.

ఒకటి దాటిందంటే రెండు కారణాలే ఎక్కువగా ఉంటాయి. కొన్నాళ్లుగా అవసరానికి చాలా మించి తింటూ ఉండాలి, లేదా వేగంగా ఊపిరి తీస్తూ, రక్తంలో నిలవ ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి ఊదేస్తూ ఉండాలి. మీరు మెట్లెక్కి వచ్చారు, గుమ్మటం కింద భయపడ్డారు, రెండు గంటల కిందటే భోజనం చేశారు. భోజనం అరిగించుకోవడానికే దాని శక్తిలో సుమారు పదో వంతు కొన్ని గంటల పాటు ఖర్చవుతూ ఉంటుంది. కాబట్టి మీరు కొలిపించుకున్నది విశ్రాంతి ఖర్చు కాదు. ఆ 1,430ని పక్కన పెట్టేయండి.

సరిగా కొలవాలంటే రాత్రి భోజనం తర్వాత పది, పన్నెండు గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు, కాఫీ, టీ, పొగాకు అస్సలు పనికిరావు, ముందు రోజు కఠినమైన వ్యాయామం చేసి ఉండకూడదు. వచ్చాక కనీసం అరగంట కదలకుండా పడుకోవాలి, కానీ నిద్రపోకూడదు. గది చలిగానూ ఉక్కగానూ ఉండకూడదు, ఫ్యాను గాలి నేరుగా గుమ్మటం మీద పడకూడదు. కొలత మొదలైన తొలి ఐదు నిమిషాల అంకెలను వదిలేసి, రెండు వాయువుల హెచ్చుతగ్గులూ పది శాతం లోపే ఉన్న నిలకడైన భాగాన్ని మాత్రమే తీసుకోవాలి. ఇంకో మాట. యంత్రాన్ని కూడా పరీక్షించాలి. మా దగ్గర నెలకోసారి గుమ్మటం కింద చిన్న స్పిరిట్ దీపం వెలిగిస్తాం. ఇథైల్ ఆల్కహాల్ మండితే వచ్చే ఆర్‌క్యూ కచ్చితంగా 0.67 కావాలి, ఎందుకంటే మూడు ఆక్సిజన్ అణువులకు రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులే వస్తాయి. యంత్రం 0.75 చూపిస్తే ఆ రోజు ఎవరినీ పడుకోబెట్టం. మీరు వెళ్లిన చోట ఈ పరీక్ష ఎప్పుడు చేశారో అడగడం మీ హక్కు.


జవాబు 2: పోషణ_గణాంకాలు

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తూ, సూత్రాల సంగతి నేను చెబుతాను. ఇది నేను చాలా ఏళ్లుగా మనసు పెట్టి చదువుతున్న విషయం కాబట్టి కొంచెం పొడవు అవుతుంది, ఓపిక పట్టగలరు.

ప్రతి సూత్రం వెనుకా కొందరు మనుషులు ఉన్నారు. సూత్రం వాళ్ల సగటునే చెబుతుంది. హారిస్, బెనెడిక్ట్ 1919లో అమెరికాలోని కార్నెగీ సంస్థ తరఫున ప్రచురించిన పుస్తకానికి ఆధారం 136 మంది పురుషులు, 103 మంది స్త్రీలు. మిఫ్లిన్ బృందం 1990లో ఇచ్చిన సూత్రానికి ఆధారం 498 మంది అమెరికన్లు. వారిలో లావుగా ఉన్నవారు కూడా చాలామంది ఉన్నారు. 1985 నాటి అంతర్జాతీయ సూత్రానికి స్కోఫీల్డ్ సుమారు ఏడు వేల కొలతలను పోగుచేశారు. ఏడు వేలంటే గొప్పగానే వినిపిస్తుంది, కానీ అందులో దాదాపు సగం ఇటలీవాళ్లవి. ఉష్ణమండలంలో నివసించేవారివి 322 మాత్రమే. ఆ ఇటలీవాళ్ల కొలతలు, అదే బరువున్న మిగతావారి కొలతల కన్నా ఎక్కువగా ఉన్నాయి. ఆ పోగులో మన నేల మనుషులు వేళ్ల మీద లెక్కపెట్టేంతే ఉన్నప్పుడు, ఆ సూత్రం మన అంకెలను ఎక్కువ చేసి చూపడంలో ఆశ్చర్యం లేదు.

హెన్రీ, రీస్ అనే ఇద్దరు పరిశోధకులు 1991లో దీన్ని లెక్కగట్టి, ఉష్ణమండల ప్రజల విషయంలో ఆ సూత్రం సుమారు 8 శాతం ఎక్కువ చెబుతోందని చూపించారు. 2005లో హెన్రీ ఇటలీ కొలతలను పూర్తిగా తీసేసి, ఉష్ణమండలానికి చెందిన 4,018 కొలతలను చేర్చి, మొత్తం 10,552 కొలతలతో కొత్త సూత్రాలు ఇచ్చారు. వాటిని ఆక్స్‌ఫర్డ్ సూత్రాలు అంటారు. 30 నుంచి 60 ఏళ్ల స్త్రీలకు బరువును 9.74తో గుణించి 694 కలపాలి. మీకు 1,298 వస్తుంది. మన వైద్య పరిశోధన మండలి అప్పట్లో చేసిన పని ఇంకా సూటిగా ఉంది. 1985 సూత్రాల గుణకాలనే తీసుకుని 5 శాతం తగ్గించింది. మీకు వచ్చిన 1,303 అదే.

ఈ కొద్ది శాతం మీద ఇంత పట్టుదల ఎందుకని కొందరు అడుగుతారు. ఒక దేశానికి ఎంత ఆహారం కావాలో లెక్కవేసేటప్పుడు ఈ విశ్రాంతి ఖర్చునే చేసే పనిని బట్టి ఒక గుణకంతో హెచ్చవేస్తారు. తేలికపాటి పని చేసేవారికి అది 1.5 చుట్టుపక్కల ఉంటుంది. 1,300 కిలో కేలరీల మీద 8 శాతం తప్పంటే వంద పైమాటే, హెచ్చవేసేసరికి మనిషికి రోజుకు 150 దాటుతుంది. కోట్ల మందికి లెక్క కట్టే చోట ఎవరు తిండి చాలనివారు, ఎవరు కారు అన్న గీత ఆ మేరకు జరిగిపోతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సుల పట్టికలు చదివేవారు ఈ కోణాన్ని మరవకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇక మీ రెండో ప్రశ్న. భారతీయుల జీవక్రియ తక్కువ అన్న మాటకు చరిత్ర ఉంది. మద్రాసు విమెన్స్ క్రిస్టియన్ కాలేజీలో పనిచేసిన ఎలినార్ మేసన్, పైన చెప్పిన బెనెడిక్ట్‌తో కలిసి దక్షిణ భారత స్త్రీల మీద చేసిన కొలతలను 1931లో ప్రచురించారు. అమెరికన్ ప్రమాణాలతో పోలిస్తే మన స్త్రీల అంకెలు బాగా తక్కువగా వచ్చాయి. జాతి కారణమా, వాతావరణమా, తిండా అన్న చర్చ దశాబ్దాల పాటు సాగింది. ఆ చర్చలో నాకు అన్నిటికన్నా నచ్చిన పని బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వర్గం చేసింది. సోరెస్, శెట్టి తదితరులు 1998లో భారతీయుల, ఆస్ట్రేలియన్ల కొలతలను పక్కపక్కన పెట్టి, మొత్తం బరువుకు బదులు కొవ్వును మినహాయించిన శరీర బరువును లెక్కలోకి తీసుకుంటే జాతి ప్రభావానికి ఆధారమేమీ కనిపించడం లేదని చూపించారు.

కారణం ఏమిటంటే, విశ్రాంతిలో ఖర్చు ఒళ్లంతా సమానంగా ఉండదు. గుండె, మూత్రపిండాలు కిలోకు రోజుకు సుమారు 440 కిలో కేలరీలు ఖర్చు చేస్తాయి. మెదడు 240, కాలేయం 200. కండరం 13 మాత్రమే. కొవ్వు నాలుగున్నర. అరవై కిలోల బరువున్న ఇద్దరిలో ఒకరికి కొవ్వు పాలు ఎక్కువ, కండ పాలు తక్కువ ఉంటే, తూకపు ముల్లు ఒకే చోట నిలిచినా ఖర్చు ఒకటి కాదు. మన దగ్గర సన్నగా కనిపించేవారిలో కూడా కొవ్వు పాలు ఎక్కువగా ఉండడం మామూలే. అమెరికాలో నల్లజాతివారికి విశ్రాంతి ఖర్చు తక్కువని వచ్చిన ఫలితాలకు కూడా 2006లో ఇలాంటి సమాధానమే దొరికింది. ఎక్కువ ఖర్చు చేసే చిన్న అవయవాల బరువును స్కానింగుతో కొలిచి లెక్కలోకి తెస్తే ఆ తేడాకు కారణం తెలిసింది. రెండు కిలోల కండ పెంచితే కూర్చున్నచోటే కొవ్వు కరిగిపోతుందని చెప్పేవారు కూడా ఈ 13 అన్న అంకెను చూడాలి. రెండు కిలోలకు రోజుకు పెరిగేది 26 కిలో కేలరీలు, ఒక ఇడ్లీకి కూడా చాలదు. కండ పెంచడానికి వేరే మంచి కారణాలు చాలా ఉన్నాయి.

నలభై దాటితే అన్న మాట కూడా ఇక్కడే తేలుతుంది. మిఫ్లిన్ సూత్రం ఏడాదికి 5 కిలో కేలరీలు తగ్గిస్తూ పోతుంది. అది వయస్సు చేసే పని అని మనం అనుకుంటాం. నిజానికి వయస్సుతో పాటు కండ తగ్గి కొవ్వు పెరుగుతుంది. ఆ మార్పును సూత్రం చూడలేదు కాబట్టి వయస్సును దానికి బదులుగా పెట్టుకుంది. ఒకే వయస్సు, ఎత్తు, బరువు ఉన్న స్త్రీపురుషుల మధ్య అదే సూత్రం చూపే 166 కిలో కేలరీల తేడా కూడా చాలావరకు ఇలాంటి బదులే. 2021లో పాంట్జర్ బృందం 29 దేశాలకు చెందిన 6,400కు పైగా మనుషుల కొలతలతో చూపించినది ఏమిటంటే, శరీరపు కూర్పును లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ల వరకు ఖర్చు దాదాపు నిలకడగా ఉంటుంది, అరవై తర్వాతే ఏడాదికి సుమారు 0.7 శాతం చొప్పున తగ్గుతుంది. కాబట్టి 42 ఏళ్లకు మీ జీవక్రియ మందగించిందని బాధపడనక్కరలేదు.


జవాబు 3: ఐసీయూ_డైటీషియన్

ఆరోగ్యవంతుల సంగతి పైన వివరంగా వచ్చింది కాబట్టి, జబ్బుపడినవారి గురించి రెండు మాటలు చెబుతాను. ఈ సూత్రాలేవీ వాళ్ల కోసం పుట్టలేదు. జ్వరం ఒక్క సెంటీగ్రేడు డిగ్రీ పెరిగితే ఖర్చు పది శాతానికి పైగా పెరుగుతుంది. కాలిన గాయాలు, తీవ్రమైన ఇన్‌ఫెక్షను ఇంకా పెంచుతాయి. మత్తుమందు ఇచ్చి, కండరాలు సడలించి, వెంటిలేటరు మీద ఉంచినవారిలో బాగా తగ్గుతుంది. ఒకే మనిషిలో సోమవారం ఉన్న ఖర్చు గురువారానికి ఉండదు. అందుకే యూరప్‌లోని క్లినికల్ న్యూట్రిషన్ సంఘం మార్గదర్శకాలు, సౌకర్యం ఉన్న చోట సూత్రం కన్నా కొలతకే పెద్దపీట వేస్తాయి.

అయితే కొలతకూ హద్దులున్నాయి. రోగికి అరవై శాతానికి మించి ఆక్సిజన్ ఇస్తున్నప్పుడు, ఛాతీలో పెట్టిన గొట్టం నుంచి గాలి లీకవుతున్నప్పుడు యంత్రం చెప్పే అంకెను నమ్మలేం. మా వార్డులో ఒకసారి ఒక పెద్దాయనకు వరుసగా రెండు రోజులు 900 లోపే వస్తుంటే, శరీరం నీరసించి ఖర్చు తగ్గిందనుకుని ఆహారం తగ్గించబోయాం. మూడో రోజు గొట్టం అతుకు దగ్గర చెయ్యి పెట్టి చూస్తే సన్నగా గాలి తగిలింది. అతుకు సరిచేశాక 1,400 దాటింది. ఆ రెండు రోజులు నాకు ఇప్పటికీ గుర్తే.


కాకినాడ_జువాలజీ తిరిగి రాస్తున్నారు

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు. పై సలహాలన్నీ కాగితం మీద రాసుకుని, ఈసారి మరో చోట కొలిపించుకున్నాను. ముందు రాత్రి ఏడున్నరకు అన్నం తిని, అక్కడే బంధువుల ఇంట్లో పడుకుని, ఉదయం ఆరున్నరకు కాఫీ కూడా తాగకుండా ఆటోలో వెళ్లాను. యంత్రం పరీక్ష గురించి అడిగితే అక్కడి అమ్మాయి విసుక్కోకుండా ఆ నెల దీపం పరీక్ష కాగితం తెచ్చి చూపించింది. అరగంట పడుకోబెట్టింది, ఫ్యాను ఆపింది, గుమ్మటం ముందుగా ఒక నిమిషం పెట్టి తీసి అలవాటు చేసింది.

ఆక్సిజన్ నిమిషానికి 175 మిల్లీలీటర్లు, కార్బన్ డయాక్సైడ్ 143 మిల్లీలీటర్లు వచ్చాయి. ఆర్‌క్యూ 0.82. రిపోర్టు చూడకముందే వీర్ సూత్రంతో నేనే కాగితం మీద లెక్కవేసుకున్నాను: 0.175ను 3.941తో, 0.143ను 1.106తో గుణించి కూడితే నిమిషానికి 0.848 కిలో కేలరీలు, రోజుకు 1,221. రిపోర్టులోనూ అదే ఉంది. ఇన్నేళ్లుగా శ్వాసక్రియ పాఠం చెబుతున్నాను గాని, ఆ అంకెలు నా ఊపిరివే అయ్యేసరికి కలిగిన సంతోషం వేరు.

మిఫ్లిన్ చెప్పిన 1,212కు ఇది తొమ్మిది కిలో కేలరీల దూరంలోనే ఉంది. అయితే మన వాళ్లకు మిఫ్లిన్ సూత్రమే సరిపోతుందని అనుకోవచ్చా? అలాగే, నడక మీద ఎన్ని కేలరీలు పోతాయో చెప్పే పట్టికలను ఈ కొలతతో ఎలా కలుపుకోవాలి?


జవాబు 4: పోషణ_గణాంకాలు

చాలా సంతోషమండి. మిఫ్లిన్ గురించి మాత్రం అలా అనుకోకండి. మీ ఒక్కరికి దగ్గరగా వచ్చింది, అంతే. ఏ సూత్రమైనా చాలామందిలో పది శాతం అటూ ఇటూగా చెబుతుంది, కొందరిలో అంతకు మించి తప్పుతుంది. మీ శరీరంలో కొవ్వు పాలు ఇంకొంచెం తక్కువ ఉండి ఉంటే ఆక్స్‌ఫర్డ్ సూత్రం దగ్గరయ్యేది. పైగా మిమ్మల్నే వచ్చే వారం మళ్లీ ఇంతే శ్రద్ధగా కొలిచినా మూడు నుంచి ఐదు శాతం తేడా రావచ్చు. కాబట్టి 1,221ని సుమారు 1,200గా పట్టుకుని, మీ పనికి తగిన గుణకంతో హెచ్చవేసి, తిండిని ఆ ప్రకారం అమర్చుకుని, నాలుగు వారాల పాటు ఒకే వేళకు బరువు చూసుకుంటూ సర్దుకోండి.

పట్టికల సంగతి అడిగి మంచి పని చేశారు. అవి విశ్రాంతి ఖర్చును ఒక మెట్‌గా తీసుకుని, దాన్ని కిలో బరువుకు నిమిషానికి 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌గా లెక్కిస్తాయి. 2005లో బైర్న్ బృందం 769 మందిని కొలిస్తే సగటు 2.56 వచ్చింది. మీ 175ను 62తో భాగిస్తే 2.82 వస్తుంది. అంటే మీ విశ్రాంతి ఖర్చును పట్టిక పావు వంతు ఎక్కువగా అనుకుంటోంది. సాయంత్రం నడక మీద పట్టిక లెక్క 200 చూపిస్తే, అందులో కూర్చుని ఉన్నా ఖర్చయ్యే భాగం కూడా కలిసే ఉంటుంది. ముందు ఆ భాగాన్ని తీసేసి, మిగిలినదాన్ని మాత్రమే నడక ఖాతాలో రాసుకోండి.